మా ఆయన అనని మాట

మా ఆయన ఎప్పుడు పుట్టారో ఖాయంగా చెప్పగలిగినవాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు. సర్టిఫికెట్టులో ఉన్న తేదీ, బడిలో చేర్చుకున్న పంతులుగారు తనకు తోచినట్టు వేసింది. పెద్ద గాలివాన వచ్చి మల్కాపురంలో ఇళ్ళ రేకులన్నీ లేచిపోయిన ఏడాది పుట్టాడని మా అత్తగారు అనేవారు. కాదు, ఆ మరుసటేడు అని మా ఆడపడుచు వాదించేది. ఆయన్నే అడిగితే, "నానక్కడే ఉన్నాను గాని, నాకు గుర్తు నేదు," అని నవ్వేవారు.

ఆయన పేరు గుణశేఖర్. పోర్టులో టాలీ క్లర్కుగా చేసి రిటైరయ్యారు. ఓడలోంచి సరుకు దిగుతున్నప్పుడు బస్తాలు లెక్కపెట్టి రాసుకోవడం టాలీ వాళ్ళ పని. ఓడ తరఫున ఒక మనిషి, రేవు తరఫున ఒక మనిషి ఎండలో నిలబడి, అదే సరుకును ఎవరికి వాళ్ళు లెక్కపెట్టుకుంటారు. ఆయన రేవు మనిషి. నెత్తికి తడిగుడ్డ చుట్టుకుని ఇంటికి వచ్చేసరికి చెవుల్లో కూడా బొగ్గు నుసి ఉండేది.

ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. పెళ్ళయిన కొత్తలో నాతో మాట్లాడిన మాటల కంటే బైబిలుతో మాట్లాడినవే ఎక్కువ. వాళ్ళు తాతల కాలం నుంచీ క్రైస్తవ సంఘంలో ఉన్నవాళ్ళు. నేను గంగమ్మకు మొక్కుకునే జాలరి ఇంట్లోంచి, పెళ్ళితో పాటు సంఘంలోకి వచ్చినదాన్ని. నా చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. ఇప్పటికీ అక్షరాల మీద వేలు పెట్టి నెమ్మదిగా చదువుతాను. ఆయన చదవడం వేరు. ఒక వచనం చదివి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, "ఇది ఎవుడు రాసుంటాడు? ఎక్కడ కూకుని రాసుంటాడు?" అని తనలో తాను అనుకునేవారు. దేవుడి మాట అంటే సరిపోదూ, రాసిన చెయ్యి ఎవరిదైతే మనకేమిటి అనిపించేది నాకు. ఒకసారి అడిగాను కూడా.

"సరుకు పంపినోడు ఎవుడో తెలుసు. మద్దిన మోసినోల్లు ఎవుల్లో తెలవాలి కదే," అన్నారు.

ఆ ప్రశ్నకు తోడు దొరికింది పాత ఊళ్ళో. కోటవీధి దగ్గర రహమాన్ అని టైలరు. పోర్టు వాళ్ళకు ఖాకీ బట్టలు కుట్టేవారు. మా ఆయన కొలతలు ఇవ్వడానికి వెళితే, జేబులో ఉన్న చిన్న కొత్త నిబంధన చూసి, "ఇది అసలుదేనా, మార్చేసిందా?" అన్నారట. మా ఆయన చొక్కా సంగతి మరిచిపోయి సాయంత్రం దాకా ఆ కొట్లోనే ఉండిపోయారు. అప్పటి నుంచి ఆదివారం భోజనాలయ్యాక రహమాన్ గారి స్కూటరు మా గుమ్మం ముందు ఆగడం అలవాటైపోయింది. ఇద్దరూ బావా అంటే బావా అని పిలుచుకునేవారు. ఆ వరసన నేను ఆయనకు చెల్లెమ్మనయ్యాను, ఆయన నాకు అన్నయ్య అయ్యారు.

నేను వంటింటి గుమ్మంలో ఏదో ఒక పని పెట్టుకుని కూర్చునేదాన్ని. చేపలు లేకపోతే చిక్కుడుకాయలు. వినడానికే అని వాళ్ళకు తెలియనిచ్చేదాన్ని కాదు.

"ఈసా మీద, అదే మీ ప్రభువు మీద, దిగిన పుస్తకం ఇంజీలు బావా. మీ కాడున్నది అది కాదు. మత్తయి అంట, మార్కు అంట, లూకా అంట, యోహాను అంట. ఒకటి దిగితే నాలుగెలా అయినాయి?"

"నలుగురు సూసినారు, నలుగురు రాసినారు."

"సూసినారా? లూకా సూడనేదు, అడిగి రాసినానని మొదట్లోనే సెప్పుకున్నాడని నువ్వే సదివినావు కదేటి?"

"అడిగి రాసినానన్నాడు కాబట్టే నాను నమ్ముతాను. సూడకండా సూసినానన్నేదు కదా."

"సాల్లే. సమాధి కాడ ఒక దూత అని ఒకడు రాసినాడు, ఇద్దరని ఇంకొకడు రాసినాడు. లెక్కపెట్టడం రాదేటి ఆల్లకి?"

లెక్క అనే మాట వచ్చిందంటే మా ఆయనకు హుషారు. కుర్చీ ముందుకు జరుపుకునేవారు.

"నా టాలీ సీటూ ఓడోడి టాలీ సీటూ బస్తాకి బస్తా సరిపోయిందనుకో, మా సూపర్వైజరు ఏటంతాడో తెల్సా? ఇద్దర్లో ఒకడు నీడలో కూకుని రెండోవోడిది సూసి రాసినాడంతాడు. తేడా ఉందంటే ఇద్దరూ ఎండలో నిలబడినోల్లే."

"మరి మాటకి మాట ఒకేలాగున్న సోట్లు బోల్డున్నాయి కదా బావా. అక్కడ నీడలో కూకున్నోడు ఎవుడు? మత్తయా, మార్కా?"

దానికి మా ఆయన, "టీ తాగు ముందు," అనేవారు. రహమాన్ అన్నయ్య టీ సాసర్లో పోసుకుని, నా వైపు చూసి, "చెల్లెమ్మా, మీ ఆయన టీ ఇచ్చినాడంటే నాను గెలిచినట్టే," అనేవారు. అయినా గెలుపు నిలిచేది కాదు. వచ్చే ఆదివారానికి ఈయన ఇంకో అధ్యాయం సిద్ధం చేసుకుని కూర్చునేవారు.

అలాంటి ఒక ఆదివారం మార్కు సువార్త చివరి అధ్యాయం పైకి చదివారు. ఆడవాళ్ళు తెల్లవారుతూనే ప్రభువు సమాధి దగ్గరికి వెళ్ళడం, రాయి దొర్లిపోయి ఉండటం, వాళ్ళు వణికిపోతూ పారిపోవడం, భయంతో ఎవరితోనూ ఏమీ చెప్పకపోవడం. అక్కడికి వచ్చేసరికి రహమాన్ అన్నయ్య చెయ్యెత్తి ఆపారు.

"ఎవుల్తోనూ సెప్పకపోతే రాసినోడికి ఎలా తెలిసింది బావా?"

నాకు వంటింట్లో నవ్వు ఆగలేదు. మా ఆయన ముందుకు చదివారు. మగ్దలేనే మరియ అనీ, ఆమెలోంచి ప్రభువు ఏడు దయ్యాలను వెళ్ళగొట్టాడనీ వచ్చింది.

"ఆగాగు. ఈవిడ ఇందాకే సమాధి కాడ ఉంది కదా? మల్లీ కొత్త సుట్టం వచ్చినట్టు ఈవిడెవరో సెప్తాడేటి? ఇక్కడ అతుకు పడింది బావా. తిరగేసి సూడు, గుడ్డ తానే మారిపోయింది."

మాట సరదాకే అన్నారు. మా ఆయన మాత్రం ఆ వారమంతా అన్నం సరిగ్గా తినలేదు. ఎవరి దగ్గరో కొత్త అనువాదం బైబిలు అరువు తెచ్చారు. ఆ పుటలో అడుగున చిన్న అక్షరాల్లో ఉంది, చాలా పాత ప్రతుల్లో ఈ చివరి భాగం లేదు అని. నన్ను పిలిచి నా చేత కూడా చదివించారు. వేలు పెట్టి చదివాను. "ఉన్నదే సదివినావా, నాకు అలా కనిపిత్తందా?" అని అడిగారు. ఆయన మొహం చూస్తే భయమేసింది.

మరుసటి ఆదివారం రహమాన్ అన్నయ్య ఇంకా గుమ్మంలో ఉండగానే మా ఆయన, "నువ్వన్నది నిజమే బావా," అన్నారు. రహమాన్ అన్నయ్య తెల్లబోయారు. ఇన్నేళ్ళ పందెం గెలిచినందుకు సంతోషించాలో వద్దో తెలియనట్టు, చెప్పులు విప్పకుండా నిలబడిపోయారు.

"అయితే ఒప్పుకున్నావా, మార్చేసినారని?"

"మార్చడం యేరు, కలపడం యేరు. ఆడోల్లు బయపడి పారిపోయినారని ఆపేత్తే ఎవుడికో మనసొప్పనేదు. సదివినోల్లు ఏటైపోతారో అని, పాపం, నాలుగు మంచి మాటలు ఎట్టినాడు. ఆడి మీద నాకు కోపం నేదు. గాని అది మార్కు రాసినాడని మాత్రం నానన్ను."

అంతటితో ఇంట్లో మాట ఇంట్లో ఉండిపోతే బాగుండేది. అప్పట్లో ఆయన సంఘ పెద్ద. ఆరాధనకు ముందు పెద్దవాళ్ళకు బైబిలు పాఠం చెప్పేవారు. వరసలో ఆ అధ్యాయం వచ్చింది. దాటేసి పోవచ్చు, ఎవరూ అడగరు. ఆయన దాటలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పారు. వెనక నుంచి ఎవరో లేచి వెళ్ళి పాస్టరుగారిని పిలుచుకొచ్చారు.

తరవాత వారం పెద్దలంతా కూర్చుని, పొరపాటున అన్నానని సంఘం ముందు చెప్పమన్నారు. ఈయన, "పాత ప్రతుల్లో నేదన్నానండి. నేదు. ప్రభువు లేవనేదని నానన్నేదు కదా. లేచినాడనే నమ్ముతన్నాను," అన్నారు. ఆ రెండో మాట ఎవరి చెవికీ ఎక్కలేదు. ఆ సాయిబు సావాసం వల్ల ఇలా అయిపోయాడని చెప్పుకున్నారు. పాఠం తీసేశారు, పెద్దరికం తీసేశారు.

అది తెలిసి రహమాన్ అన్నయ్య రావడం మానేశారు. మా ఆయనే బస్సెక్కి కొట్టుకు వెళ్ళి, "నీ వల్ల కాదు బావా, నాకు కళ్ళున్నాయి కాబట్టి," అని ఇంటికి తీసుకొచ్చారు.

సంఘానికి మాత్రం ఒక్క వారం కూడా మానలేదు. చెప్పులు విడిచే చోటికి దగ్గరగా, ఆఖరి బెంచీ మీద కూర్చునేవారు. అందరూ లేచి ఒకరికొకరు వందనాలు చెప్పుకునేటప్పుడు ఆయన పక్కకు వచ్చేవాళ్ళు తక్కువ. ఆడవాళ్ళ వైపు కూర్చుని మెడ తిప్పి చూసేదాన్ని. పాట పుస్తకం తెరిచి, పెదాలు కదుపుతూ ఉండేవారు.

తరవాత ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఆసుపత్రిలో ఉంచారు. నేను పక్కనే కుర్చీ వేసుకుని ఉండేదాన్ని. ఆఖరి రోజు మధ్యాహ్నం ఆయన కళ్ళు తెరిచి, "రహమాన్ వచ్చినాడా?" అన్నారు. రాలేదన్నాను. కళ్ళు మూసుకున్నారు. పొద్దు వాలేటప్పటికి పోయారు. నాకు తెలిసినంతవరకు ఆయన ఆఖరి మాట అదే. ఇన్నేళ్ళ స్నేహితుడు ఆఖరికి రాలేదని నా మనసులో ఒక మేకు దిగి ఉండిపోయింది. రహమాన్ అన్నయ్య సమాధుల దొడ్డికి వచ్చారు గాని, గేటు బయట నిలబడి వెళ్ళిపోయారు. ఆ తరవాత మళ్ళీ మా గుమ్మం తొక్కలేదు.

మా సంఘంలో ఎవరు పోయినా, భూస్థాపనకు ముందు వాళ్ళ జీవిత చరిత్ర అందరికీ వినబడేలా చదువుతారు. కూలీ మనిషైనా, ఆఫీసరైనా సరే. ఎక్కడ పుట్టారు, ఏం పని చేశారు, ఎలా నమ్ముకున్నారు, ఎలా పోయారు అని. అది రాసేది సంఘం సెక్రటరీ జగ్గయ్యగారు. రిటైరైన హైస్కూలు మాష్టారు. ఎప్పుడూ భార్య రాసినట్టో, కొడుకు రాసినట్టో, వాళ్ళ పేరు మీదే రాస్తారు. అది తప్పని ఎవరూ అనుకోరు. ఏడుస్తున్నవాళ్ళు కాగితం పట్టుకుని ఎక్కడ కూర్చుంటారు? కాకపోతే ఆయన కాగితాల ప్రకారం మా సంఘంలో పోయినవాళ్ళందరూ కీర్తన పాడుకుంటూనే పోయారు. మా ఆయన నవ్వేవారు. "నాను పోయినాక జగ్గయ్యగారు నా సేత కూడా పాడిత్తారు సూడు. నా గొంతు ఎలాగుంటాదో ఆయనకి తెలీదు."

ఆయన్ను భూస్థాపన చేసిన రోజు ఏదీ చదవలేదు. చిన్న ప్రార్థన చేసి మట్టి వేశారు. పెద్దలకు ఇబ్బంది అని ఎవరూ నాతో అనలేదు గాని, అర్థమైంది. ఏ మనిషి గురించైనా చదివే ఆ నాలుగు ముక్కలు ఈయన గురించి చదవలేదు. మట్టి వెయ్యడం కంటే అది ఎక్కువ నొప్పి పెట్టింది నాకు.

ఆ ఏడాది ఎలా గడిచిందంటే, ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ గొంతు పెంచరు, అంతే. చిక్కుడుకాయలు ఒలవడానికి కూర్చుంటే ఒలిచే చప్పుడు నాకే వినబడేది. మా అమ్మాయి దేవిశ్రీ సీతమ్మధారలో ఒక క్లినిక్కులో రక్తపరీక్షల దగ్గర చేస్తుంది. నేను దిగులుగా ఉన్నానని ఫోనులో యూట్యూబు పెట్టి ఇచ్చింది. అందులో బైబిలు మీద వాదనలు బోలెడు. ఒకాయన పుస్తకాలు గుట్టగా పెట్టుకుని అరుస్తాడు, ఇంకొకాయన బల్ల గుద్దుతాడు. విన్నాను. అవే ప్రశ్నలు. కాని వాళ్ళలో ఎవరూ మధ్యలో ఆగి, "నువ్వన్నది ఆలోచించాలి బావా," అనరు. ఆపేశాను.

మొదటి సంవత్సరం జ్ఞాపకార్థ కూడిక దగ్గరికొస్తుంటే ధైర్యం చేసి పాస్టరుగారిని అడిగాను. ఇంటి దగ్గరే పెట్టుకుంటాను, సంఘమంతా రావాలి, ఆ రోజు ఆగిపోయిన జీవిత చరిత్ర అప్పుడైనా చదవాలి అని. ఆయన ఆలోచించి సరేనన్నారు. నాలుగు రోజులకు జగ్గయ్యగారు కాగితం పట్టుకుని వచ్చారు. దేవిశ్రీ కూడా ఉంది. పైకి చదివి వినిపించారు.

పుట్టిన తేదీ సర్టిఫికెట్టుదే వేశారు. పోర్టు ఉద్యోగం, పెళ్ళి, పాఠం చెప్పిన సంవత్సరాలు, అన్నీ బాగానే ఉన్నాయి. తరవాత ఇలా వచ్చింది. "చివరి ఘడియలో నా భర్త నా చేయి పట్టుకొని, 'కాసూ, నేను అనవసరమైన సందేహములతో త్రోవ తప్పితిని. లేఖనములలోని ప్రతి అక్షరము సత్యమని సంఘమునకు తెలియజేయుము' అని కన్నీళ్ళతో పలికి, ప్రభువు సన్నిధికి చేరినారు."

కాసులమ్మ అనే నా పేరును ఆయన ఏనాడూ కాసూ అనలేదు. పెళ్ళయిన నాటి నుంచీ నేను ఆయనకు "ఇదిగో"నే. త్రోవ తప్పితిని అనే మాట ఆయన నోట్లో పట్టదు.

"ఇది ఆయన అన్నేదండి," అన్నాను.

జగ్గయ్యగారు కళ్ళజోడు పైకి నెట్టుకున్నారు. "అనలేదు అంటే, మాట వరసన అనలేదమ్మా. మనసులో అనుకోలేదని మనకేం తెలుసు?"

"మనసులో ఏటనుకున్నారో నాకు తెలీదు. నాకు తెలీంది నా పేరు మీద ఎలా రాత్తారండి?"

"విను తల్లీ. ఈ ఒక్క ముక్క ఉంటేనే పెద్దలు వచ్చి కూర్చుంటారు. అతను మన వాడే అని అందరికీ అనిపిస్తుంది. నీ కోసమే రాశాను. గుణశేఖర్ అంటే నాకు అభిమానం లేదా?"

అభిమానం ఉంది. అది అబద్ధం కాదు. మార్కు సువార్తలో సమాధి దగ్గర కథ అలా ఆగిపోతే మనసొప్పక నాలుగు మంచి మాటలు కలిపినాయన కూడా ఇలాగే, చేతిలో మంచి కలం పట్టుకుని, ఎవరి ఇంట్లోనో కూర్చుని ఉంటాడు.

"అది తీసీండి," అన్నాను. ఆయన కాగితం మడిచి, "చూస్తానమ్మా," అన్నారు.

ఆయన వెళ్ళాక దేవిశ్రీ, "ఒక్క వాక్యం కోసం ఎందుకమ్మా? సదవనీ. నాన్నకి ఇప్పుడు ఏటవుద్ది?" అంది. ఏడాది పొడుగునా నన్ను చూసి చూసి అలిసిపోయింది పిల్ల.

"మీ నాన్న ఆ మాట అననందుకే పెద్దరికం పోగొట్టుకున్నారు. ఇప్పుడు నా నోటితో అనిపిత్తే ఆయన పోగొట్టుకున్నది దేనికే?" అన్నాను.

కూడిక రోజు పొద్దున్నే సందులో షామియానా వేశారు. బిర్యానీ డేగిశాలు దిగాయి. సంఘమంతా వచ్చింది, పెద్దలు ముందు వరసలో కూర్చున్నారు. ఆయన ఫోటోకు దండ వేశారు. జగ్గయ్యగారు ఒక సంచి తెచ్చి కుర్రాళ్ళకు ఇచ్చారు. వాళ్ళు వరసలమ్మట కార్డులు పంచుతూ వచ్చారు. ఒకటి నా చేతికీ వచ్చింది. ముందు వైపు ఆయన బొమ్మ, వెనక జీవిత చరిత్ర అచ్చయి ఉంది. వేలు పెట్టి వెతికాను. ఆ వాక్యం ఉంది. కింద, ఇట్లు భార్య కాసులమ్మ అని కూడా ఉంది.

ఇలాంటి కార్డుల్ని మా వాళ్ళు పారెయ్యరు. బైబిల్లో పుటల మధ్య పెట్టుకుంటారు. ఏళ్ళ తరబడి అక్కడే ఉంటాయి.

జగ్గయ్యగారు మైకు పట్టుకుని చదవడం మొదలుపెట్టారు. బహుశా అచ్చులో ఉన్నా పైకి చదవకుండా వదిలేస్తారేమో అని చూశాను. "చివరి ఘడియలో" అనే దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు ఇంకా మెత్తబడింది. నేను లేచి నిలబడ్డాను. సంఘంలో అంతమంది ముందు నేనెప్పుడూ సాక్ష్యం కూడా చెప్పలేదు.

"ఆగండి జగ్గయ్యగారూ."

ఆయన ఆగారు. మైకు కీచుమంది.

"ఆ మాట ఆయన అన్నేదు. నా పేరుంది గాని నాను సెప్పనేదు."

నా వెనక కూర్చున్న గంగాలమ్మ ముసలమ్మ నా కొంగు పట్టుకుని లాగింది. "కూకోవే. మంచిగానే రాసినారు కదా, ఏటి నీకు?"

"మంచిగానే రాసినారు మామ్మా. ఆయన కాదు అది."

పాస్టరుగారు లేచి, "అమ్మా, దుఃఖంలో ఉన్నావు. తరవాత మాట్లాడుకుందాం," అన్నారు.

"దుఃఖంలోనే ఉన్నానండి. ఆయన మారనేదు. సచ్చీదాకా పాత ప్రతుల్లో నేదనే అన్నారు. సచ్చీదాకా మీ సంఘానికీ వచ్చినారు. ఎనక బెంచీ మీద కూకున్నారు, మీరందరూ సూసినారు. అది రాయండి. అది నాను సూసినాను, నా పేరు ఎట్టండి."

ముందు వరసలో ఒక పెద్ద లేచి బయటికి వెళ్ళిపోయాడు. పాస్టరుగారు పాట ఎత్తుకోమన్నారు. ఒకరిద్దరు ఎత్తుకున్నారు, మిగతావాళ్ళు నెమ్మదిగా కలిశారు. ఆ పాటతో కూడిక అయిపోయింది. జగ్గయ్యగారు మిగతాది చదవలేదు. నా వైపు చూడకుండా కళ్ళజోడు తుడుచుకుంటూ ఉండిపోయారు. అలా మా ఆయన జీవిత చరిత్ర రెండోసారి కూడా పూర్తిగా చదవబడలేదు.

జనం తిన్నామనిపించుకుని తొందరగా వెళ్ళిపోయారు. కొందరు కార్డులు కుర్చీల్లో వదిలేశారు, కొందరు తీసుకెళ్ళారు. దేవిశ్రీ డేగిశాల మూతలు పెట్టిస్తూ నా దగ్గరికి వచ్చి, నా భుజం మీద చెయ్యి వేసి వెళ్ళింది.

షామియానా చివర, ఎండ పడే కుర్చీలో రహమాన్ అన్నయ్య కూర్చుని ఉన్నారు. ఎప్పుడు వచ్చారో చూడలేదు. దేవిశ్రీ ఫోను చేసి చెప్పిందట. గడ్డం పూర్తిగా తెల్లబడింది. నేను వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.

"తిన్నావా అన్నియ్యా?"

"తిన్నాను. ఉప్పు తక్కువైంది." కుర్చీ నా వైపు జరుపుకుని, "బావ ఉంటే ఇయ్యాల నీకు టీ ఇచ్చేవోడు," అన్నారు.

నవ్వొచ్చింది, దానితో పాటే ఏడుపూ వచ్చింది. మనసులో ఉన్నది ఆపుకోలేక అడిగేశాను. "ఆకరి రోజు నీ కోసం అడిగినారు. ఎందుకు రానేదు అన్నియ్యా?"

ఆయన నా మొహం కేసి చూశారు. "వచ్చినాను కదమ్మా."

"ఎప్పుడు?"

"పొద్దు వాలకముందు నమాజు సేసుకుని తిన్నగా అక్కడికే వచ్చినాను. నువ్వు కుర్చీలో పడుకున్నావు. బావ మెలకువగా ఉన్నాడు. నిన్ను లేపబోతే సెయ్యి పట్టుకుని ఆపినాడు. 'దాన్ని లేపకు బావా, పడుకోనీ' అన్నాడు. ఇంక మాటాడనేదు. కాసేపు కూకుని ఎల్లిపోయినాను."

"నాను పడుకోనేదు," అన్నాను. "ఆ రోజంతా రెప్ప వెయ్యనేదు. నాకు బాగా గుర్తు."

"పడుకున్నావు చెల్లెమ్మా."

"అయితే ఏ సీర కట్టుకున్నాను?"

"సీర... ఆకుపచ్చదనుకుంటాను."

"నీలం."

"నీలమైతే నీలం. అరచేతులు పైకి పెట్టుకుని పడుకున్నావు, అది మాత్రం గుర్తు. బత్తాయిలు తెచ్చి ఆ పక్క బల్ల మీద పెట్టినాను."

కుర్చీలో నిద్రపోయేవాళ్ళ చేతులు ఎవరివైనా అలాగే ఉంటాయేమో. దేవిశ్రీని పిలిచి, ఆ రోజు బత్తాయిలు నువ్వు తెచ్చావా అని అడిగాను. "గుర్తు నేదమ్మా. ఎవరెవరో ఏటేటో తెచ్చినారు," అంది.

"ఏడాదయింది. ఇన్నాళ్ళూ ఎందుకు సెప్పనేదు?" అన్నాను.

"ఆయన పోతన్నప్పుడు నువ్వు పడుకున్నావని తెలిత్తే ఏటైపోతావో అని. బావ నేని ఇంటికి నాను ఏటని వచ్చి సెప్పను? ఇయ్యాల అందరి ముందూ అబద్దం ఒద్దన్నావు. అందుకు సెప్తన్నాను."

ఆయన కళ్ళలోకి చూశాను. నన్ను ఓదార్చడానికి అల్లిన మాటా, లేక నిజంగా జరిగిందా అని వెతికాను. వంటింటి గుమ్మంలో కూర్చుని ఇన్నేళ్ళు ఆయన గొంతు విన్నాను. ఎదుటి మనిషిని ఓడించడానికి ఎన్ని మెలికలైనా వేస్తారు. ఓదార్చడం నేనెప్పుడూ వినలేదు. ఎలా ఉంటుందో నాకు తెలియదు.

సాయంత్రం దాకా అదే మాట తిప్పి తిప్పి వాదించుకున్నాం. నువ్వు పడుకున్నావంటే నేను లేదన్నాను. ఏ మంచం, ఏ వైపు కిటికీ, ఎవరు ముందు లేచారు అని. మా ఇంటి దగ్గర గొంతులు లేచి ఏడాదయింది. షామియానా విప్పేవాళ్ళు వచ్చి కుర్చీలు అడిగేదాకా మేము లేవలేదు. రహమాన్ అన్నయ్య స్కూటరు తీసుకుని, మళ్ళీ వస్తానని గాని రానని గాని అనకుండా వెళ్ళిపోయారు.

ఆ కార్డులు ఇంకా కొందరి బైబిళ్ళలో ఉన్నాయి. వాటి మీద నా పేరుంది. అందుకని నేను చూసినవి చూసినట్టు ఇక్కడ రాశాను. చివరిది మాత్రం నేను చూడనిది, రహమాన్ అన్నయ్య చెప్పినది. ఆయన చెప్పిన ప్రకారం మా ఆయన ఆఖరి మాట, "దాన్ని లేపకు బావా, పడుకోనీ." ఆ రోజు నేను నిద్రపోయినట్టు నాకు గుర్తు లేదు.